నిజం తేలేంత గడువు

2023 సెప్టెంబర్ 28న స్లొవేకియాలో ఒక ఆడియో బయటికొచ్చింది. అర కోటికి కాస్త పైబడిన జనాభా ఉన్న ఆ దేశంలో మరో రెండు రోజుల్లో పార్లమెంటు ఎన్నికలు. ప్రోగ్రెసివ్ స్లొవేకియా పార్టీ నాయకుడు మిఖాల్ షిమెచ్కా, మోనికా తోదొవా అనే పాత్రికేయురాలితో మాట్లాడుతున్నట్టుంది అందులో. ఎన్నికను ఎలా తారుమారు చేయాలి, రోమా అనే వెనకబడిన వర్గం ఓట్లను ఎలా కొనాలి అన్నది ఆ మాటల సారాంశం. తాము అలా మాట్లాడలేదని ఇద్దరూ వెంటనే ఖండించారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థలోని నిజనిర్ధారణ విభాగం పరిశీలించి, కృత్రిమ మేధతో తయారు చేసిన ఆనవాళ్లు కనిపిస్తున్నాయని తేల్చింది.

కానీ ఆ దేశంలో పోలింగుకు ముందు 48 గంటలు ప్రచారం ఆపేయాలన్న నిబంధన ఉంది. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవాలని పెట్టిన గడువు అది. సరిగ్గా ఆ గడువులోనే ఆడియో ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగింది. ఖండన మాత్రం దాని వెనకే పరుగెత్తలేకపోయింది. 30న పోలింగ్ జరిగింది. రాబర్ట్ ఫిట్సో నాయకత్వంలోని స్మేర్ పార్టీ మొదటి స్థానంలో, షిమెచ్కా పార్టీ రెండో స్థానంలో నిలిచాయి. ఆ ఆడియో వల్లే ఫలితం మారిందని ఎవరూ నిరూపించలేదు. మారలేదని నిరూపించే మార్గమూ లేదు. ప్రజాస్వామ్యానికి జరిగిన నష్టం ఆ అనిశ్చితిలోనే ఉంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. ఎన్నికలు, కోర్టులు, చట్టసభలు, దేశాల మధ్య రాయబారాలు అన్నీ ఈ ఒక్క నమ్మకం మీదే కట్టుకున్న వ్యవస్థలు. నోటీసు, వాయిదా, అప్పీలు, రెండో పఠనం, ఓట్ల తిరిగి లెక్కింపు - వీటన్నిటి పనీ నిజం తేలేదాకా నిర్ణయాన్ని కాసేపు ఆపడమే. కృత్రిమ మేధ దెబ్బ ఈ గడువు మీదే పడుతోందనీ, దాన్ని కాపాడుకోవడమే మన తరం పౌరుల పని అనీ చెప్పడం ఈ అధ్యాయం ఉద్దేశం.

యంత్రం గొంతు నేర్చుకునే తీరు

మనం మాట్లాడినప్పుడు గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు పుడతాయి. మైకు వాటిని విద్యుత్తుగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ విద్యుత్తును సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఆ అంకెల నుంచి ఏ క్షణాన ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటం తయారవుతుంది. ఇక్కడి నుంచి యంత్రానికి మాట కూడా ఒక బొమ్మే.

ఈ బొమ్మలో రెండు సంగతులు కలిసి ఉంటాయి. ఒకటి, ఏ మాట పలికారన్నది. రెండోది, ఎవరు పలికారన్నది. 'అమ్మ' అని ఎవరన్నా ధ్వనుల వరుస ఒకటే. కానీ గొంతు గొట్టం పొడవు, నోటి లోపలి ఖాళీ, ముక్కుతో పలికే తీరు, సాగదీత, విరుపు మనిషి మనిషికీ మారతాయి. వేల మంది మాటలు విన్న కృత్రిమ మేధ నమూనా (మోడల్) ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చాక కొత్త మనిషి గొంతు తెలుసుకోవడానికి దానికి గంటలకొద్దీ రికార్డింగు అక్కర్లేదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన వాల్-ఈ అనే నమూనా 60 వేల గంటల ఇంగ్లీషు మాటలతో శిక్షణ పొందింది. ఆ తర్వాత ఎవరి గొంతునైనా అనుకరించడానికి దానికి 3 సెకన్ల రికార్డింగు చాలింది. మన ప్రాంతంలో ఏ మంత్రి గొంతైనా, ఏ ఎమ్మెల్యే గొంతైనా యూట్యూబ్‌లో గంటలకొద్దీ దొరుకుతుంది.

నకిలీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ రాదా అని అడగవచ్చు. వస్తుంది, వచ్చింది కూడా. అయితే ఇక్కడ ఒక మౌలికమైన చిక్కుంది. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో, అతని సహచరులు ఒక పద్ధతి కనిపెట్టారు. అందులో రెండు నమూనాలు పోటీ పడతాయి. ఒకటి నకిలీని తయారు చేస్తుంది, రెండోది దాన్ని పట్టుకోవాలని చూస్తుంది. పట్టుబడిన ప్రతిసారీ మొదటిది తన తప్పు దిద్దుకుంటుంది. అంటే, పట్టుకునే సాధనం ఎంత గట్టిదైతే దాని దగ్గర పాఠం నేర్చిన నకిలీ అంత గట్టిదవుతుంది. ఇప్పటి నమూనాలు వేరే పద్ధతుల్లో పనిచేస్తున్నా ఈ చిక్కు తీరలేదు. పైగా వాట్సాప్ వంటి వేదికల మీదికి ఎక్కే ఆడియో తరచూ కుదించుకుపోతుంది. నకిలీని పట్టించే సూక్ష్మమైన ఆనవాళ్లు ఆ కుదింపులోనే చెరిగిపోతాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ 'బహుశా నకిలీ' అంటుంది. ఓటరుకు కావలసింది మాత్రం అవునా కాదా అన్న జవాబు, అదీ పోలింగ్ ముగిసేలోపు.

చవకైపోయిన మోసం

2024 జనవరి 21న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో వేల ఇళ్లలో ఫోన్లు మోగాయి. అధ్యక్షుడు జో బైడెన్ గొంతు వినిపించింది. పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి మంగళవారం జరిగే ప్రైమరీలో ఓటు వేయవద్దు, నవంబర్ కోసం దాచుకోండి అని దాని సారాంశం. చేయించినవాడు స్టీవ్ క్రామర్ అనే రాజకీయ సలహాదారు. తయారు చేసినవాడికి ముట్టింది 150 డాలర్లు, పట్టిన సమయం 20 నిమిషాల లోపే. ఆ దేశపు కమ్యూనికేషన్ల కమిషన్ ఫిబ్రవరి 8న, కృత్రిమ గొంతుతో చేసే ఇలాంటి కాల్స్ అవాంఛిత ఫోన్ కాల్స్‌ను అరికట్టే 1991 నాటి చట్టం కిందకే వస్తాయని ప్రకటించింది. తర్వాత క్రామర్‌కు 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. క్రిమినల్ కేసులో మాత్రం 2025 జూన్‌లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఇరవై నిమిషాల్లో అయిన పని మీద న్యాయ ప్రక్రియ ముగియడానికి ఏడాదిన్నరకు దగ్గరగా పట్టింది.

ఈ విద్య మన దగ్గరికీ వచ్చింది. 2020 ఢిల్లీ ఎన్నికల్లో బీజేపీ నాయకుడు మనోజ్ తివారీ ప్రసంగం, ఆయన హర్యాణ్వీలో మాట్లాడినట్టు పెదవుల కదలిక మార్చుకుని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. 2018లో కన్నుమూసిన కరుణానిధి 2024లో డీఎంకే వేదికల మీద తెర మీది బొమ్మగా ప్రసంగించారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో ప్రధాని మోదీ హిందీ ప్రసంగాలు కృత్రిమ మేధ అనువాదంతో తెలుగు సహా పలు భాషల్లో వినిపించాయి. ఇవి ఆయా పార్టీలు తమ నాయకుల కోసం బాహాటంగా చేసుకున్నవి. భాష రాని ఓటరుకు నాయకుడి మాట నేరుగా అందడం మంచిదే. 2023 నవంబర్ 30న తెలంగాణ శాసనసభ పోలింగ్ వేళ తిరిగిన వీడియో సంగతి వేరు. బీఆర్ఎస్ నాయకుడు కేటీఆర్ కాంగ్రెస్‌కు ఓటేయమని చెబుతున్నట్టు చూపించింది అది. ఎంచుకున్న వేళ చూడండి: ఓటరు వరసలో నిలబడి ఉన్నాడు, ఖండన అతన్ని చేరేలోపు వేలికి సిరా పడిపోతుంది.

మరో ఉదంతాన్నీ ఇక్కడే చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్‌లో హోంమంత్రి అమిత్ షా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లను ఎత్తేస్తామన్నట్టు ఒక వీడియో దేశమంతా తిరిగింది. ముస్లిం రిజర్వేషన్ల గురించి ఆయన తెలంగాణలో అంతకు ముందు ఏడాది చేసిన ప్రసంగాన్ని కత్తిరించి అతికించిన వీడియో అది. ఢిల్లీ పోలీసుల దర్యాప్తు తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి నోటీసు ఇచ్చేదాకా వెళ్లింది. అందులో కృత్రిమ మేధ పాత్ర లేదు, మామూలు ఎడిటింగే. కాబట్టి కొత్త యంత్రాలు రాకముందు అంతా సవ్యంగా ఉండేదని అనుకోకూడదు. పాత మోసానికి నైపుణ్యం, ఖర్చు, సమయం కావాలి. కొత్తదానికి అవి దాదాపు అక్కర్లేదు. వచ్చిన తేడా అదే.

నిజాన్ని కాదనే వీలు

అబద్ధాన్ని నిజమని నమ్మించడం ఒక హాని. నిజాన్ని అబద్ధమని తోసిపుచ్చడం దానికి తోడుపుట్టిన హాని. బాబీ చెస్నీ, డేనియల్ సిట్రన్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి రాశారు. నకిలీలు పెరిగేకొద్దీ, నిజంగా పట్టుబడ్డవాడు కూడా 'అది నకిలీ' అని తప్పించుకోగలడని వారి వాదన.

ఆఫ్రికాలోని గాబన్ దేశం దీనికి తొలి గుణపాఠాల్లో ఒకటి. అధ్యక్షుడు అలీ బోంగో 2018 అక్టోబర్‌లో జబ్బుపడి నెలల తరబడి జనానికి కనిపించలేదు. కొత్త సంవత్సరం సందేశంగా వచ్చిన వీడియోలో ఆయన ముఖం బిగుసుకుపోయినట్టు, కళ్లు సరిగా కదలనట్టు అనిపించింది. అది డీప్‌ఫేక్, అంటే కృత్రిమ మేధతో చేసిన నకిలీ, అన్న అనుమానం పాకింది. 2019 జనవరి 7న కొందరు సైనికులు రేడియో కేంద్రాన్ని ఆక్రమించి తిరుగుబాటు ప్రకటించారు. అది గంటల్లోనే విఫలమైంది. వీడియోను తర్వాత పరీక్షించిన నిపుణులకు నకిలీ అనడానికి ఆధారం దొరకలేదు. బోంగోకు పక్షవాతం వచ్చిందని ప్రభుత్వం ఆలస్యంగా ఒప్పుకుంది. అక్కడ డీప్‌ఫేక్ లేకుండానే, ఉందేమోనన్న అనుమానం దేశాన్ని కుదిపేసింది. ఐదేళ్ల తర్వాత, 2024 ఆగస్టులో డొనాల్డ్ ట్రంప్, డెట్రాయిట్ విమానాశ్రయంలో కమలా హారిస్ సభకు వచ్చిన జనం ఫొటో కృత్రిమ మేధ సృష్టి అన్నారు. వేల మంది కళ్లారా చూసిన సభ అది.

ప్రజాస్వామ్యంలో అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు. ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నచోట మాత్రం అందరి కాళ్లకిందా ఒకే నేల ఉండాలి. అది లేనప్పుడు చర్చకు అర్థం ఉండదు, జవాబుదారీతనానికి ఆధారం ఉండదు.

తీర్పు చెప్పే యంత్రం ఎవరికి జవాబుదారీ?

డీప్‌ఫేక్ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. కంటికి కనిపించని ప్రభావాలు రెండున్నాయి.

మొదటిది, ఎవరి మాట ఎవరికి చేరాలో నిర్ణయించే అల్గారిదమ్. 2024 నవంబర్ 24న రొమేనియా అధ్యక్ష ఎన్నిక మొదటి విడతలో, సర్వేలు పెద్దగా లెక్కలోకి తీసుకోని కాలిన్ జార్జెస్కు దాదాపు 23 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. ప్రచారానికి పైసా ఖర్చు పెట్టలేదని ఆయన లెక్క చూపాడు. టిక్‌టాక్‌లో మాత్రం ఆయన వీడియోలు వెల్లువెత్తాయి. దాదాపు 25 వేల ఖాతాలు ఒక్కసారిగా చురుగ్గా మారాయని దేశాధ్యక్షుడు బయటపెట్టిన నిఘా పత్రాలు చెప్పాయి. అల్గారిదమ్ మనిషి ఆమోదాన్నీ, కట్టకట్టుకుని పనిచేసే ఖాతాల ఆమోదాన్నీ ఒకేలా లెక్కవేస్తుంది. ఎక్కువ మంది చూస్తున్నారనుకుని ఇంకా ఎక్కువ మందికి చూపిస్తుంది. రెండో విడతకు రెండు రోజుల ముందు, డిసెంబర్ 6న, రాజ్యాంగ న్యాయస్థానం మొత్తం ఎన్నికనే రద్దు చేసింది. తిరిగి 2025 మే నెలలో ఎన్నిక పెడితే నికుషోర్ డాన్ గెలిచాడు. లక్షల మంది నిజాయితీగా వేసిన ఓట్లు కూడా ఆ రద్దులో కొట్టుకుపోయాయి. జబ్బు ఎంత పెద్దదో మందు కూడా అంత చేదుగా ఉంది.

రెండోది మనకు మరీ దగ్గరిది. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థను నిర్మించింది. రేషన్ కార్డులు, వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు వంటి పలు శాఖల రికార్డులను కలిపి, ఒకే మనిషికి చెందినవేవో సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుంది. ఈ పని ఎంత కష్టమో మన పేర్లు చూస్తేనే తెలుస్తుంది. ఒక రికార్డులో ఇంటిపేరు ముందు, మరోదాంట్లో వెనుక, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. అందుకే సాఫ్ట్‌వేర్ అచ్చంగా సరిపోలాలని పట్టుబట్టదు. దగ్గరగా ఉంటే చాలనుకుని మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు దాటితే ఇద్దరూ ఒకరే అనుకోవాలన్నది మనుషులు పెట్టిన గీత. గీత కిందికి దించితే వేరువేరు మనుషులు ఒకటైపోతారు. పైకి జరిపితే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

కోటి కుటుంబాలకు 99 శాతం కచ్చితంగా పనిచేసే వ్యవస్థను వర్తింపజేశామనుకోండి. మిగిలిన ఒక్క శాతం అంటే లక్ష కుటుంబాలు. ఈ చిన్న లెక్క వెనుక ఎలాంటి మనుషులుంటారో పాత్రికేయుల పరిశోధనలో తేలింది. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు, కారున్న మరొకరి పేరుతో కలిసిపోయింది. దాంతో ఆయన కుటుంబానికి రేషన్ బియ్యం ఆగిపోయాయి. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయన్న ఫిర్యాదు మీద, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. ఇంటి గడప దాకా వెళ్లి చూసే మనిషిని వ్యవస్థలోకి మళ్లీ తెచ్చింది కోర్టే. ముందు విచారణ, తర్వాత కోత అన్నది సహజ న్యాయం. ఇక్కడ కోత ముందు పడింది, విచారణ ఏళ్ల తర్వాత వచ్చింది.

ఇది ఒక్క రాష్ట్రం కథ కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది కుటుంబాలను పన్నుల శాఖ మోసగాళ్లుగా ముద్రవేసి డబ్బు వెనక్కి కట్టించింది. ఎవరి మీద అనుమానం పడాలో లెక్కగట్టిన నమూనాలో పౌరసత్వం కూడా ఒక అంశంగా ఉంది. దానికి బాధ్యత వహిస్తూ 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది.

మళ్లీ తెలంగాణకే వద్దాం. 2020 జనవరి పురపాలక ఎన్నికల్లో కొంపల్లిలోని పది పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ముఖాన్ని యంత్రంతో సరిచూసే ప్రయోగం జరిగింది. ముఖం సరిపోలకపోయినా ఓటు హక్కు నిరాకరించకూడదని రాష్ట్ర ఎన్నికల సంఘం నిబంధన పెట్టింది. ఆ ఒక్క నిబంధనే ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైనది. యంత్రం సందేహిస్తే మనిషి చూడాలి. అంతేగానీ యంత్రం సందేహమే తీర్పు కాకూడదు.

నిమిషాల్లో యుద్ధం

ఇక దేశాల సంగతి. 1983 సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే రహస్య కేంద్రంలో లెఫ్టినెంట్ కర్నల్ స్తనిస్లావ్ పెత్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ సైరన్ మోగించింది. ఆ వెంటనే మరో నాలుగు. అప్పటికి మూడు వారాల క్రితమే సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చడంతో 269 మంది చనిపోయారు. రెండు అగ్రరాజ్యాలూ కత్తులు నూరుతున్న కాలమది. ఖండాంతర క్షిపణి చేరడానికి అరగంట పడుతుంది. అందులో నిర్ణయానికి మిగిలేది కొద్ది నిమిషాలే.

పెత్రోవ్ ఆలోచించాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్లు ఐదు క్షిపణులతో మొదలుపెడతారా? నేలమీది రాడార్లకు ఏమీ కనిపించడం లేదు. పైగా ఈ ఉపగ్రహ వ్యవస్థ కొత్తది. ఇది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకు నివేదించాడు. ఎత్తైన మేఘాల మీద పడి ప్రతిఫలించిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడిందని తర్వాత తేలింది. యంత్రం తనకు నేర్పినదాన్నే చేసింది. అది చూసిన వెలుగు తన లెక్కల్లో క్షిపణే. సందర్భాన్ని బేరీజు వేసి 'ఇది పొసగడం లేదు' అన్నది మాత్రం మనిషే.

ఇప్పుడు మన సరిహద్దు చూద్దాం. 2022 మార్చి 9న భారత్ నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున దూసుకెళ్లింది. పాకిస్తాన్ గగనతలంలో 120 కిలోమీటర్లకు పైగా వెళ్లి మియా చన్ను పట్టణం దగ్గర పడింది. సరిహద్దు దాటాక అది నేలకు తగలడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో పేలుడు పదార్థం లేదు. ప్రాణనష్టం జరగలేదు. రెండు రోజులకు భారత్ పొరపాటును ఒప్పుకుని విచారం తెలిపింది. ఆ తర్వాత వైమానిక దళ అధికారులు ముగ్గురిని ఉద్యోగాల నుంచి తొలగించింది. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య జరిగిన సంగతి ఇది. అవతలి పక్షం ఆగి చూసింది కాబట్టి విచారణతో ముగిసింది. ప్రతిదాడి నిర్ణయం యంత్రానికి వదిలేసి ఉంటే ఆ ఆగడం ఎక్కడి నుంచి వచ్చేది?

యంత్రం దగ్గర ఆ నిగ్రహం ఉంటుందా అని 2024లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించారు. ఐదు భాషా నమూనాలను ఊహాత్మక దేశాల పాలకుల స్థానంలో పెట్టి సంక్షోభాలు ఆడించారు. ఐదూ ఏదో ఒక స్థాయిలో ఉద్రిక్తతను పెంచే వైపే మొగ్గాయి. అరుదుగానైనా అణ్వస్త్ర ప్రయోగం దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. నిజమైన సైన్యాలు అలా చేస్తాయని దీని అర్థం కాదు. మనుషులు రాసిన రాతల నుంచి మాటల అల్లిక నేర్చిన యంత్రానికి చావు భయం, బిడ్డల మీద మమకారం వాటంతటవే రావని మాత్రం అర్థమవుతుంది.

దేశాల మధ్య కూడా నకిలీ మాట ముందే పరుగెడుతోంది. 2022 మార్చి 16న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను ఆయుధాలు దించమంటున్న నకిలీ వీడియో వచ్చింది. ఒక ఉక్రెయిన్ టీవీ చానెల్‌ను హ్యాక్ చేసి అదే మాటను తెర కింద నడిపించారు. ఇలాంటిది రావచ్చని ఉక్రెయిన్ ప్రభుత్వం రెండు వారాల ముందే జనాన్ని హెచ్చరించింది. జెలెన్‌స్కీ వెంటనే తన ఫోనుతో వీడియో తీసి ఖండించాడు. జనం ముందే సిద్ధంగా ఉండడం వల్ల ఆ నకిలీ పారలేదు.

2025 మేలో మనం అంత సిద్ధంగా లేము. 7వ తేదీన పాకిస్తాన్ మీద భారత సైనిక చర్య ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక, పాక్ సైన్య ప్రతినిధి తమ విమానాలు రెండు కూలాయని ఒప్పుకుంటున్నట్టు, మన విదేశాంగ మంత్రి జైశంకర్ క్షమాపణ చెబుతున్నట్టు డీప్‌ఫేక్‌లు తిరిగాయి. వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా చలామణీ అయ్యాయి. రెండు దేశాల్లోనూ టీవీ చానెళ్లు సరిచూసుకోని వార్తలను గంటల తరబడి నడిపాయి. జనం కోపం పాలకుల మీద ఒత్తిడిగా మారే వేళ, ఆ కోపానికి ఆధారం నకిలీ వీడియో కావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 10వ తేదీ మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాక్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేశాకే కాల్పులు ఆగాయి. ముందే ఏర్పరచుకున్న, ఇరుపక్షాలూ నమ్మిన ఒక ఫోన్ లైను అక్షరాలా ప్రాణాలు నిలిపింది.

ఆపే మీటలు

సాంకేతికత వేగాన్ని ఎవరూ ఆపలేరన్న మాట తరచూ వినిపిస్తుంది. స్టాక్ మార్కెట్ల అనుభవం దీన్ని ఒప్పుకోదు. 2010 మే 6న అమెరికా మార్కెట్లో కంప్యూటర్ల మధ్య అమ్మకాల పోటీ మొదలై, డౌ జోన్స్ సూచీ నిమిషాల్లో వెయ్యి పాయింట్లకు దగ్గరగా పడి మళ్లీ లేచింది. ఒక షేరు హద్దు మీరి కదిలితే దాని లావాదేవీలు కాసేపు ఆగేలా ఆ తర్వాత కొత్త నిబంధనలు పెట్టారు. మన దేశంలోనూ సూచీ 10, 15, 20 శాతం కదిలితే మార్కెట్ ఆగుతుంది. 2023 మే 22న పెంటగాన్ దగ్గర పేలుడు జరిగినట్టు ఒక కృత్రిమ ఫొటో వచ్చినప్పుడు అమెరికా షేర్లు కాసేపు తగ్గి, స్థానిక అగ్నిమాపక శాఖ ఖండించాక కోలుకున్నాయి. డబ్బు కోసం విరామాన్ని చట్టంగా రాసుకున్నవాళ్లం ఓటు కోసం, ప్రాణం కోసం రాసుకోలేమా?

కొన్ని అడుగులు పడ్డాయి. 2024 మే 6న మన ఎన్నికల సంఘం, నకిలీ వీడియోలు తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో పార్టీలు తొలగించాలని ఆదేశించింది. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 16న బైడెన్, షీ జిన్‌పింగ్ లిమాలో కలిసి, అణ్వస్త్ర ప్రయోగ నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని ఒప్పుకున్నారు. అది రాతపూర్వక సంధి కాకపోయినా, రెండు పెద్ద అణుశక్తులు ఆ మాట పైకి అనడం విలువైనదే. మనిషి ప్రమేయం లేకుండా చంపే ఆయుధాల గురించి 2023 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకించిన నాలుగింటిలో భారత్ ఒకటి. ఈ చర్చకు జెనీవాలోని ఆయుధాల ఒప్పంద వేదికే తగినదని మన ప్రభుత్వ వైఖరి. అయితే సరిహద్దుకు అటూ ఇటూ అణ్వస్త్రాలున్న దేశంగా, ఇలాంటి ఒప్పందాల్లో మనం వెనక నిలబడకూడదు, ముందు నడవాలి. నిమిషాల్లో క్షిపణి చేరే దూరంలో బతుకుతున్నది మనమే.

మనం అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. పోలింగుకు ముందు మౌన గడువులో నకిలీ వస్తే, అధికారికంగా ఖండించే వీలు ఆ గడువులోనే ఉండాలి. రేషనైనా, పింఛనైనా, ఓటైనా యంత్రం కొట్టేసే ముందు నోటీసు రావాలి, విని సంతకం పెట్టి బాధ్యత తీసుకునే ఒక అధికారి ఉండాలి. ప్రభుత్వాలు వాడే అల్గారిదమ్‌ల తప్పుల లెక్క శాసనసభ ముందుకు రావాలి. పొరుగు దేశంతో ఎంత వైరమున్నా హాట్‌లైన్ తెగకూడదు. అణ్వస్త్రం మీట మీద మనిషి వేలే ఉండాలి.

ఈ పుస్తకం చదువుతున్న మీ చేతిలోనూ ఒక మీట ఉంది. రక్తం మరిగించే వీడియో మీ ఫోనుకు వచ్చినప్పుడు, అది మీ పార్టీకి అనుకూలమైనా సరే, పంపకుండా ఒక పూట ఆగండి. నిజమైతే సాయంత్రానికీ నిజంగానే ఉంటుంది. మీ ఊళ్లో ఎవరి కార్డో, ఎవరి పేరో కంప్యూటర్ కొట్టేసిందంటే, 'సిస్టమ్‌లో అలా వచ్చింది' అన్న జవాబుతో వెనుదిరగకండి. ఎవరు నిర్ణయించారో, ఏ ఆధారంతో నిర్ణయించారో రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు. అడిగేవాళ్లు ఉన్నంతకాలం ప్రజాస్వామ్యాన్ని ఏ యంత్రమూ ఓడించలేదు.